చింతపండు మండలిలో దర్శన ద్వారాలు

మంత్రిగారు వచ్చిన రోజు వైరు రుక్మిణీబాయి చేతిలో ఉండటం వల్లే ఇదంతా ఆమె మెడకు చుట్టుకుంది.

వైరు తల వెడల్పు. డైరెక్టరు చక్రధరం గారి కొత్త ల్యాప్‌టాప్‌కున్న కన్నాలు సన్నం. మీటింగు హాలు గోడ మీది పెద్ద తెర నీలంగా వెలుగుతూ, సిగ్నల్ లేదని ఓపిగ్గా చెబుతోంది. రుక్మిణీబాయి వైరును తిప్పి పెట్టి చూసింది. పక్కకు తిరిగి పెట్టి చూసింది. సూపరింటెండెంట్ కుళ్లాయప్ప వైరు తలలోకి నోటితో ఊది, తుడిచి, మళ్లీ ఆమె చేతికే ఇచ్చాడు.

రాష్ట్ర చింతపండు అభివృద్ధి మండలిలో ఆమె మార్కెటింగ్ అధికారి. ఆఫీసు మార్కెట్ యార్డు ఆవరణలోనే ఉంటుంది. మండలి కట్టించిన కోల్డ్ స్టోరేజి పూర్తయి తాళం వేసుకుని కూర్చుంది. మంత్రిగారు ఆమోదిస్తే తలుపులు తీయొచ్చు. ఆయన ఆమోదించాలంటే బొమ్మలతో సహా తయారుచేసిన నివేదిక తెర మీద చూడాలి. ఈలోగా మడకశిర వైపు నుంచి రైతులు తెచ్చిన కొత్త పండు యార్డులో తార్పాలిన్ల కింద ఎండకు ఉడుకుతోంది. ఎండలు ముదిరితే ఎర్రటి పండు నల్లబడుతుంది. నల్లబడిన పండును వ్యాపారులు చేత్తో కూడా ముట్టుకోరు.

“ఏమమ్మా, బొమ్మ వస్తుందా?” అన్నారు మంత్రిగారు, మజ్జిగ గ్లాసు కింద పెడుతూ.

“వస్తుంది సార్, వస్తాంది.”

రాలేదు. మంత్రిగారు ఇంకో గ్లాసు మజ్జిగ తాగి లేచారు. “బొమ్మ వచ్చిన రోజు పిలవండి. కళ్లతో చూడకుండా ఆమోదించే అలవాటు నాకు లేదు,” అని కారెక్కారు.

సాయంత్రం డైరెక్టరు గదిలో సమావేశం జరిగింది. తప్పు ఎవరిదని తాను అడగబోనని చక్రధరం గారు మొదటే హామీ ఇచ్చారు. అందరూ రుక్మిణీబాయి వైపు చూశారు.

“సార్, మధ్యలో తగిలించుకునే చిన్న అడాప్టర్ ఒకటి దొరుకుతుంది. ఏ సెల్‌ఫోన్ అంగట్లో అడిగినా ఇస్తారు,” అందామె.

“నాకు తెలియదనుకుంటున్నారా? మా ఇంట్లో రెండున్నాయి. టీవీకి పెట్టుకుంటాం.”

“అట్లయితే ఒకటి తెచ్చుకుంటే సరిపోతుంది కదా సార్.”

కుళ్లాయప్ప గొంతు సవరించుకున్నాడు. “ఏ పద్దు కింద వస్తుంది మేడం అది? ల్యాప్‌టాప్ అంటే యంత్రం. వైరంటే విద్యుత్ సామగ్రి. మధ్యలో వేలాడే ఆ తోకకు మన దగ్గర పద్దు లేదు. సార్ సొంత తోక తెచ్చి ఆఫీసు యంత్రానికి తగిలిస్తే, రేపు అది ఎవరి ఆస్తి?”

“పోనీ సార్, నా పాత ల్యాప్‌టాప్‌కు వెడల్పు పోర్టు ఉంది. దాంట్లోనే చూపిస్తాం.”

చక్రధరం గారు కళ్లజోడు తీశారు. “మంత్రిగారికి నివేదిక డైరెక్టరు ల్యాప్‌టాప్‌లోంచి రావడం వేరు, కింది అధికారి ల్యాప్‌టాప్‌లోంచి రావడం వేరు. బొమ్మ ఒకటే కావచ్చు. హోదా ఒకటి కాదు కదమ్మా.” కళ్లజోడు మళ్లీ పెట్టుకుని గొంతు మార్చారు. “ఒక ప్రభుత్వ సంస్థ తోక మీద ఆధారపడి నడవడం సంస్థాగత గౌరవానికి భంగకరం. సమస్యను మూలంలోనే పరిష్కరించాలి. ఏ ల్యాప్‌టాప్‌కు ఎన్ని పోర్టులుంటాయి, ఎన్ని తెరలకు బొమ్మ పంపుతుంది అన్నది లోపలున్న ప్రాసెసర్ ప్లాట్‌ఫారం మీద ఆధారపడి ఉంటుంది. కాబట్టి అన్ని ప్లాట్‌ఫారాలనూ తులనాత్మకంగా అధ్యయనం చేయించాలని నిర్ణయిస్తున్నాను.”

అలా పోర్టు మరియు ప్రదర్శన సంధాన సామర్థ్య తులనాత్మక అధ్యయన సంఘం పుట్టింది. సంఘటన సమయంలో వైరు ఎవరి చేతిలో ఉందో వారికే విషయానుభవం ఎక్కువ ఉంటుంది గనక రుక్మిణీబాయిని కన్వీనరుగా వేశారు.

“ఈ లోపల ఆ కోల్డ్ స్టోరేజి తలుపు తీస్తే సార్, పండు...”

“బొమ్మ లేకుండా తలుపు ఎట్లా తీస్తామమ్మా,” అన్నారు చక్రధరం గారు, నిజంగానే జాలిగా.

ల్యాప్‌టాప్‌లు తెప్పించి పోల్చి చూడాలంటే టెండరు పిలవాలి. ఆ నెల అధికార భాషా మాసోత్సవం నడుస్తోంది కాబట్టి టెండరు ప్రకటనలో ఇంగ్లిషు ముక్క కనబడకూడదు. కుళ్లాయప్ప నిఘంటువు ముందేసుకుని పనికి దిగాడు. ప్రాసెసర్ ప్లాట్‌ఫారం ‘ప్రక్రియా వేదిక’ అయింది. పోర్టు ‘ద్వారం’ అయింది. తెరకు బొమ్మ పంపే డిస్‌ప్లే పోర్టును ‘దర్శన ద్వారం’ అని రాసి, ఆ మాటను తనే రెండుసార్లు చదువుకుని మురిసిపోయాడు. మూడు వేర్వేరు వేదికలు సరఫరా చేయవలెననీ, ఒక్కొక్క వేదికకు గల దర్శన ద్వారాల సంఖ్యనూ వేగమునూ స్పష్టముగా తెలుపవలెననీ ప్రకటన పేపర్లో పడింది.

వచ్చింది ఒకే ఒక్క టెండరు. దాన్ని వేసిన పీరా సాహెబు కదిరి నుంచి స్వయంగా వచ్చి రుక్మిణీబాయి ఎదుట కూర్చున్నాడు. ఆయనకు షామియానాల వ్యాపారం.

“మూడు వేదికలే కదా మేడం, రెండు రోజుల్లో కొట్టిస్తా. దర్శనం ద్వారాలు ఎన్ని పెట్టమంటారు? మామూలుగా మేం మూడు పెడతాం. సర్వదర్శనం, ప్రత్యేక దర్శనం, వీఐపీ. జనం తోసుకోకుండా మధ్యలో కట్టెలు కడతాం.”

“వేగమెంత?” అన్నాడు కుళ్లాయప్ప పెన్ను పట్టుకుని.

“గంటకు వెయ్యిమంది దాటుకుంటారు సార్. పండగప్పుడైతే ఇంకో రెండు వందలు.”

కుళ్లాయప్ప రాసుకున్నాడు. రుక్మిణీబాయి కాసేపు కళ్లు మూసుకుని, తమకు కావలసింది ల్యాప్‌టాప్‌లని నెమ్మదిగా వివరించింది. పీరా సాహెబు ఏమాత్రం నొచ్చుకోలేదు.

“అట్లనా. దానికేముంది, మా బామ్మర్ది హిందూపురంలో కంప్యూటర్లు అమ్ముతాడు. మూడు రకాలూ వాని దగ్గరే తెప్పిస్తా. కాకపోతే మేడం, మీరు వేదిక అని అచ్చు వేయించినారు. వేదిక లేకుండా బిల్లు పెడితే రేపు ఆడిట్‌లో మీకే ఇబ్బంది. ఒకటన్నా కొట్టించి పోతా.”

కుళ్లాయప్ప ఆయన వైపు చాలా గౌరవంగా చూశాడు. మరుసటి వారం మీటింగు హాల్లో మెట్లతో, ఎర్ర తివాచీతో చెక్క వేదిక ఒకటి లేచింది. దాని మీద బల్ల వేసి మూడు ల్యాప్‌టాప్‌లు పెట్టారు. ఏ కంపెనీ మనసూ నొప్పించకుండా వాటికి ‘అ’, ‘ఆ’, ‘ఇ’ అని పేర్లు పెట్టారు.

పరీక్షలకు తెరలు కావాలి గనక అన్ని సెక్షన్ల నుంచీ మానిటర్లు పీకి తెచ్చారు. వాటికి సరిపోయే వైర్లూ పెట్టెలూ పీరా సాహెబు బామ్మర్ది అరువు పంపాడు. మానిటర్లు పోయిన సెక్షన్లలో పని ఆగింది. ఎవరికీ పెద్దగా తేడా తెలియలేదు.

రుక్మిణీబాయి మొదట్లో తిట్టుకుంటూ చేసింది గానీ రానురాను ఆమెకు అందులో ఆసక్తి పుట్టింది. ‘అ’ రకంలో సన్నటి పోర్టులు రెండూ ఒకే తీరు. దేనికి తగిలించినా బొమ్మ వస్తుంది, ఛార్జింగూ ఎక్కుతుంది, మొత్తం నాలుగు తెరల దాకా లాగుతుంది. ‘ఆ’ రకం కూడా నాలుగు తెరలని చెప్పుకుంటుంది, కానీ ఏ పోర్టు ఏం చేస్తుందన్నది తయారుచేసినవాడి దయ. చూడటానికి రెండూ కవల పిల్లల్లా ఉంటాయి. ఒకటి బొమ్మ పంపుతుంది, రెండోది ఛార్జింగు మాత్రం ఎక్కించుకుని ఊరుకుంటుంది. ‘ఇ’ రకం బయటి తెర ఒక్కదానికే ఒప్పుకుంటుంది. రెండోది కావాలంటే ల్యాప్‌టాప్ మూత మూసేయాలి. ఇంట్లో కూర వండుతూ కూడా ఆమె ఈ సంగతే ఆలోచించింది. మూత మూస్తే ఇంకో తెర వెలగడం ఆమెకు ఎందుకో నచ్చింది.

సంఘం తుది సమావేశంలో చక్రధరం గారు వేదికెక్కి, ‘అ’ రకానికి తగిలించిన నాలుగు మానిటర్ల ముందు నిలబడ్డారు. నాలుగింటిలోనూ ఒకే చింతకాయ వెలిగింది. ఆయన ఎడమ నుంచి కుడికీ, కుడి నుంచి ఎడమకీ చాలాసేపు చూశారు.

“సార్, మా సిఫార్సు ఏమంటే,” అంది రుక్మిణీబాయి, “మూడింట్లో ఏదైనా మనకు సరిపోతుంది. వెడల్పు పోర్టు ఉన్న మోడల్ తీసుకుంటే చాలు. మంత్రిగారిని రేపే పిలవొచ్చు.”

డైరెక్టరు ఆమె చంకలోని పాత ల్యాప్‌టాప్ వైపు చూశారు. “దానికి ఎన్ని పోర్టులున్నాయి?”

ఆమె లెక్కపెట్టింది. “ఏడు సార్.”

“నాకు రెండు,” అన్నారాయన. “కుళ్లాయప్పా, నీ దానికి?”

“ఆరు సార్. కొని చాలా ఏళ్లయింది సార్. అప్పట్లో అట్లే వచ్చేవి,” అన్నాడు కుళ్లాయప్ప తల వంచుకుని.

మర్నాడు ఉత్తర్వు వెలువడింది. ‘సంస్థ యందు ఏ ఉద్యోగి ల్యాప్‌టాప్‌నకైనను తన పై అధికారి ల్యాప్‌టాప్ కంటె తక్కువ ద్వారములు, తక్కువ దర్శనములు ఉండవలెను. సమానముగా ఉండుట సైతం క్రమశిక్షణా రాహిత్యముగా పరిగణింపబడును. మిగులు ద్వారములను తక్షణమే మూసివేసి సీలు చేయవలెను.’

డైరెక్టరుకు ‘అ’ రకం ల్యాప్‌టాప్, నాలుగు మానిటర్లు, వాటన్నిటికీ చాలినన్ని కన్నాలున్న పెట్టె ఒకటి పక్కన. ఆ పెట్టెను సన్నటి పోర్టుకే తగిలించారు. అది తోక కాదా అని రుక్మిణీబాయి అడిగింది. తోక బయటికి వేలాడుతుందనీ, పెట్టె బల్ల మీద కూర్చుంటుందనీ కుళ్లాయప్ప తేడా చెప్పాడు.

సీలు వేయడానికి లక్క కావాలి. లక్కకు టెండరు పిలవాలి. “అంతదాకా ఎందుకు సార్, మండలి సొంత సరుకుంది కదా,” అన్నాడు కుళ్లాయప్ప. గింజలు తీసిన చింతపండు స్టీలు బేసిన్‌లో వేసుకుని బల్ల బల్లకూ తిరిగాడు. ఉండ చేసి బొటనవేలితో పోర్టులో నొక్కి, పైన తడి గుడ్డతో తుడిచేవాడు. పని చాలా నీటుగా చేశాడు. డైరెక్టరు తర్వాతి స్థాయికి మూడు, ఆ కిందివారికి రెండు, తనకు ఒకటి, గుమాస్తాలకు సున్నా. ఎడమ చివర నుంచి లెక్కపెట్టి అన్ని మాత్రమే వదిలాడు.

రుక్మిణీబాయి ల్యాప్‌టాప్ దగ్గరికొచ్చి పక్కనున్న గుండ్రటి కన్నాన్ని కూడా ఉండతో మూయబోయాడు.

“కుళ్లాయప్పా, అది ఛార్జింగుది.”

“కన్నమే కదా మేడం.”

“దాన్ని మూస్తే సాయంత్రానికి పోతుంది.”

“నాదీ పోతుంది మేడం. నాకు మిగిలింది ఇయర్‌ఫోన్ పెట్టుకునేది,” అన్నాడతను. ఆ గొంతులో బాధ వినబడి ఆమె ల్యాప్‌టాప్‌ను అతని వైపు జరిపింది. కొత్త ల్యాప్‌టాప్‌లున్న గుమాస్తాల సంగతి మరీ సులభంగా తేలిపోయింది. వాళ్లకు బొమ్మ పోయే పోర్టూ, ఛార్జింగు ఎక్కే పోర్టూ ఒకటే. దర్శన ద్వారం మూయగానే ఊపిరి కూడా మూతపడింది.

రెండో రోజుకు ఆఫీసులో ఒక్క డైరెక్టరు గదిలో తప్ప ఎక్కడా తెర వెలగలేదు. చీమలు మాత్రం చాలా చురుగ్గా తిరిగాయి.

ఆ రోజే మడకశిర రైతు ఓబుళేసు డైరెక్టరును కలవడానికొచ్చాడు. రుక్మిణీబాయి వెంటబెట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. బల్ల మీద నాలుగు మానిటర్లు ప్రహరీగోడలా నిలబడి ఉన్నాయి. వాటి వెనక చక్రధరం గారు ఉన్నారని దగ్గు వల్ల తెలిసింది. ఎటు చూసి మాట్లాడాలో తెలియక ఓబుళేసు రెండో తెరకు దండం పెట్టాడు.

“సార్, యార్డులో పండు నల్లబడతా ఉండాది. అడుగు బుట్టలు అప్పుడే పోయినాయి. మబ్బు కూడా పడతాంది. ఆ చల్లగోడౌను తలుపు తీయిస్తే బతుకుతాం సార్.”

“మీ సమస్య మా దృష్టిలో ఉంది,” అంది మానిటర్ల వెనకనుంచి గొంతు. “నాలుగు తెరల మీదా ఉంది. సంధానం ఒక కొలిక్కి రాగానే సానుకూలంగా పరిశీలిస్తాం.”

ఓబుళేసు బయటికొచ్చి రుక్మిణీబాయిని మెల్లగా అడిగాడు. “అమ్మా, లోపల సార్ ఉన్నాడా, రికార్డు పెట్టినారా?”

ఆమెకు నవ్వు రాలేదు. యార్డులోకి వెళ్లి తార్పాలిన్ ఎత్తి చూసింది. పైవరస ఇంకా ఎర్రగానే ఉంది. కింద చెయ్యి పెడితే వెచ్చగా, మెత్తగా తగిలింది. ఆ సాయంత్రం ఆమె ఎవర్నీ అడక్కుండా మంత్రిగారి పేషీకి ఫోను చేసి, బొమ్మ సిద్ధంగా ఉందని చెప్పింది. రేపే వస్తామన్నారు.

వార్త వినగానే చక్రధరం గారు హుషారయ్యారు. నాలుగు తెరలూ హాల్లో పెడదామన్నారు. కుళ్లాయప్ప ఉత్తర్వు ప్రతి పట్టుకుని వచ్చాడు. అతని ముఖం పాలిపోయి ఉంది.

“సార్, ఒక సంశయం. మంత్రిగారు తమరికి పై అధికారి.”

“అవును.”

“తమరికి వారి కంటే తక్కువ ద్వారాలు, తక్కువ దర్శనాలు ఉండాల.”

“ఉండాలి మరి.”

“పేషీకి ఫోను చేసి కనుక్కున్నా సార్. వారికి ల్యాప్‌టాపే లేదు.”

చక్రధరం గారు మానిటర్ల మధ్య సందులోంచి బయటికి చూశారు. “అంటే వారి దర్శనాలు...”

“సున్నా సార్. తమరివి అంతకంటే తక్కువుండాల. సమానంగా ఉండటం కూడా క్రమశిక్షణా రాహిత్యమే. తమరి సంతకమే ఉంది.”

“సున్నా కంటే తక్కువ ఎట్లా ఉంటాయయ్యా?”

“ఈ నాలుగూ తీసేస్తే సున్నాకు వస్తాం సార్. దాని కిందికి పోవాలంటే హాల్లో గోడ మీదున్న తెర కూడా ఊడదీయాల. అది ల్యాప్‌టాప్‌ల లెక్కలో లేనిది కాబట్టి, తీసేస్తే మైనస్ కింద పడుతుంది.”

రుక్మిణీబాయి వింటూ నిలబడింది. ఆ లెక్క తప్పని చెప్పడానికి నోరు తెరిచి, తెర లేకపోతే ఏమవుతుందో ఆలోచించి, మూసుకుంది. “కుళ్లాయప్ప చెప్పింది సబబుగానే ఉంది సార్,” అంది.

మంత్రిగారు వచ్చేసరికి హాలు బోసిగా ఉంది. గోడ మీద తెర ఊడదీసిన చోట నాలుగు మేకులు మిగిలాయి. డైరెక్టరు ల్యాప్‌టాప్ పోర్టులన్నిటికీ చింతపండు సీలు పడింది. పీరా సాహెబు కొట్టించిన వేదిక మీద కుర్చీ వేసి మంత్రిగారిని కూర్చోబెట్టారు. ఎదురుగా చూడటానికి గోడ తప్ప ఏమీ లేదు.

“బొమ్మ ఏదమ్మా?” అన్నారు మంత్రిగారు.

“బొమ్మ లేదు సార్,” అంది రుక్మిణీబాయి. “పండుంది. గుమ్మం దాటితే యార్డు. కళ్లతో చూస్తామన్నారు కదా సార్, నడుచుకుంటూ పోయి చూసొద్దాం.”

చక్రధరం గారు ఏదో అనబోయారు గానీ మంత్రిగారు అప్పటికే మెట్లు దిగుతున్నారు. యార్డులో ఓబుళేసు తార్పాలిన్ లాగి పక్కకు వేశాడు. మంత్రిగారు వంగి ఒక రెబ్బ తీసుకుని నోట్లో పెట్టుకున్నారు. ముఖం చిట్లించి, మళ్లీ ఇంకోటి తీసుకున్నారు.

“ఇంత మంచి పండు బయట ఎందుకు పెట్టినారు?”

“లోపల పెట్టాలంటే మీ ఆమోదం కావాల సార్,” అంది రుక్మిణీబాయి.

“అంతేనా? దానికి బొమ్మలెందుకమ్మా. తీయండి తలుపులు.”

తాళం తీశారు. సాయంత్రం దాకా బుట్టలు మోసే చప్పుడు వినబడింది. పైవరసల ఎర్రపండంతా చల్లగా లోపలికి చేరింది. అడుగున నల్లబడింది మాత్రం ఒక గుట్టగా బయటే మిగిలిపోయింది. ఓబుళేసు ఆ గుట్ట దగ్గర కూర్చుని బీడీ కాల్చాడు. అందులో ఎక్కువ భాగం అతనిదే. రుక్మిణీబాయికి ఆ పక్కనుంచి నడవాలంటే ముల్లు గుచ్చినట్టుంది.

వెళ్లే ముందు మంత్రిగారు, ఆఫీసులో ఒక్క తెర కూడా లేదేమని అడిగారు. చక్రధరం గారు ఉత్తర్వు చేతికిచ్చారు. మంత్రిగారు నిలబడే చదివారు. చదివి డైరెక్టరు భుజం మీద చెయ్యి వేశారు.

“నాకు లేదని మీరు కూడా మానుకున్నారా?”

“తమరి కంటే ఎక్కువ దర్శనాలు మాకెందుకు సార్,” అన్నారు చక్రధరం గారు.

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్ల రాజకీయంలో ఏ శాఖా తన పట్ల ఇంత మర్యాద చూపలేదన్నారు. కొద్ది రోజులకే ఆయన కింద ఉన్న శాఖలన్నిటికీ ఆ ఉత్తర్వు వర్తింపజేశారు. అమలు పర్యవేక్షణకు చక్రధరం గారిని ప్రత్యేకాధికారిగా రాజధానికి పిలిపించుకున్నారు. ఆయన నాలుగు మానిటర్లూ వెంట తీసుకెళ్లబోయి, గుర్తొచ్చి ఆగిపోయారు.

జిల్లా జిల్లాకూ ఆఫీసులు. ఆఫీసు ఆఫీసుకూ ల్యాప్‌టాప్‌లు. ఒక్కో ల్యాప్‌టాప్‌కు నాలుగో, అయిదో కన్నాలు. సీలుకు చింతపండు పంపమని మండలికి ఇండెంట్లు వచ్చి పడ్డాయి. కొత్త ఎర్రపండు జారిపోతోందనీ, పాతబడి గట్టిపడిన నల్లపండయితే పోర్టులో పట్టు బాగా నిలుస్తుందనీ కుళ్లాయప్ప అనుభవం మీద రాసి పంపాడు. ప్రమాణాల పత్రంలో ‘నల్లనిది మాత్రమే’ అని అచ్చయింది.

రుక్మిణీబాయే యార్డుకు వెళ్లి ఓబుళేసుకు ఆ కబురు చెప్పింది. గుట్టంతా మండలే కొంటుందనీ, ఎర్రపండు ధర కంటే తక్కువేమీ ఇవ్వదనీ చెప్పింది. అతను నమ్మలేదు.

“నల్లది ఎవరు తింటారమ్మా?”

“తినేదానికి కాదు ఓబుళేసూ. కంప్యూటర్ల నోట్లో పెట్టేదానికి.”

ఓబుళేసు ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె ఎగతాళి చేయడం లేదని తేల్చుకున్నాక గుట్ట వైపు తిరిగి, తల గోక్కుంటూ కాసేపు ఆలోచించాడు.

“అయితే నిలవకు ఉప్పు మేమే కలిపి పంపాల్నా, వాళ్లు వేసుకుంటారా?”

రుక్మిణీబాయికి తెలియదు. ప్రమాణాల పత్రంలో ఉప్పు ప్రస్తావన ఎక్కడా లేదు. “పైకి రాసి కనుక్కుంటా,” అని ఆఫీసులోకి వెళ్లింది. బల్ల ముందు కూర్చుని, తెల్లకాగితం తీసుకుని, ‘ద్వారములను మూయు చింతపండునందు ఉప్పు ఉండవలెనా, లేదా అను విషయమై స్పష్టత కోరుట’ అని పైన రాసి, కింద గీత గీసింది.